కొసరు లేని బంకు

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్లే రోడ్డు మీద, ఒకదానికొకటి కిలోమీటరు దూరంలో రెండు పెట్రోలు బంకులున్నాయి. ముందు వచ్చేది ధనరాజ్‌ది, తరవాతది మోహనకృష్ణది. ఈ భూమ్మీద ఏ బంకూ పూర్తి కొలత ఇవ్వదన్న విషయంలో ఆ ప్రాంతపు ప్రజలకు రెండో అభిప్రాయం లేదు. ఎక్కడికి వెళ్లినా తక్కువే వస్తుందన్నప్పుడు, ఆ తక్కువను కాస్త మర్యాదగా ఇచ్చేచోట పుచ్చుకోవడం మేలని వారు ఎప్పుడో నిర్ణయించుకున్నారు. ఆ మర్యాద ధనరాజ్ బంకులో దొరికేది.

మర్యాద అంటే మరేమీ కాదు. మీటరు మీద అంకెలు ఆగిపోయాక ధనరాజ్ మనుషులు నాజిల్‌ను వెంటనే బయటికి తీయరు. గొట్టాన్ని భుజం మీదికంటా ఎత్తి, అందులో ఇంకేదో నిధి మిగిలిపోయినట్టు, ట్యాంకులోకి మూడుసార్లు విదిలిస్తారు. మూడో విదిలింపుకు ఒకటి రెండు చుక్కలు రాలుతాయి. ఒక్కోసారి అవీ రాలవు. బండివాడు మాత్రం ఆ మూడింటినీ మెడ వంచి, ఊపిరి బిగబట్టి చూస్తాడు. అది కొసరు. కూర కొన్నా, పాలు పోయించుకున్నా, కళింగపట్నం ఒడ్డున చేపలు బేరమాడినా, కొలిచి ఇచ్చినదాని మీద ఇంకాస్త పడితేనే ఇచ్చినవాడు మనిషి కింద లెక్క. కొలత వ్యాపారం, కొసరు బంధుత్వం. ధనరాజ్ రోజుకు కొన్ని వందలమందితో బంధుత్వం కలుపుకునేవాడు.

మోహనకృష్ణ బంకులో కొసరు లేదు. అందుకు కారణం అక్కడి మేనేజరు కూర్మనాథం.

కూర్మనాథానిది శ్రీకూర్మం. తండ్రి అక్కడి కోవెలలో పారాయణం చేసేవారు. పిల్లవాడు శ్లోకంలో ఒక్క అక్షరం జార్చినా మళ్లీ మొదటి పాదం దగ్గరికి తీసుకువెళ్లి నిలబెట్టేవారు. ఆ శిక్షణ పారాయణానికి పనికిరాలేదు గానీ భౌతికశాస్త్రానికి పనికివచ్చింది. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు కాలేజీ ప్రయోగశాలలో ఇరవైరెండేళ్లు డిమాన్‌స్ట్రేటరుగా పనిచేసి, గాజు గొట్టంలో ద్రవం ఎంత ఉందో చూడాలంటే కంటిని దాని మట్టానికి వంచాలని అతడు కొన్నివేలమంది విద్యార్థులకు చెప్పాడు. వారిలో ఎవరూ వంచలేదు. చివరికి భౌతికశాస్త్రం చదివేవారే కరువై, కాలేజీవారు ఆ ప్రయోగశాలలో క్యాంటీను పెట్టారు. యాభైనాలుగో ఏట కూర్మనాథం పెట్రోలు బంకులో చేరాడు. పెట్రోలు కూడా ద్రవమే కదా అన్నది అతని సమాధానం.

ప్రతి బంకులోనూ ప్రభుత్వ ముద్ర వేసిన అయిదు లీటర్ల కొలపాత్ర ఒకటి ఉండాలి. ఎవరికి అనుమానం వచ్చినా అందులోకి పట్టించి చూసుకునే హక్కు ఉంది. చాలాచోట్ల ఆ పాత్ర ఆఫీసు బీరువాలో అగరొత్తుల వెనకాల ప్రశాంత జీవితం గడుపుతుంది. కూర్మనాథం మాత్రం ప్రతి ఉదయం దాన్ని బయటికి తీసి, ఒక్కొక్క పంపు నుంచి అయిదేసి లీటర్లు పట్టి, సిమెంటు గచ్చు మీద మోకాళ్లూని, పాత్ర మెడ దగ్గరున్న గీతను కంటిమట్టాన చూసేవాడు. ఆ తరవాత పెట్రోలును తిరిగి భూమిలోని ట్యాంకులో పోయించి, రిజిస్టరులో 'తేడా: సున్నా' అని రాసేవాడు. రోజూ తెల్లవారి మోకాళ్ల మీద కనిపించే ఈ మనిషిని చూసి, దారినపోయే ఆటోలవాళ్లు అదేదో మొక్కు అనుకునేవారు.

శ్రావణమాసంలో ఒకనాడు మోహనకృష్ణ బంకుకు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వ్యవసాయ కుటుంబంలో పుట్టి, తాత సంపాదించిన మెట్ట భూమి కొంత అమ్మి ఈ బంకు పెట్టినవాడు. మనసులో ఉన్నది దాచుకునే అలవాటు లేదు. ధనరాజ్ బంకులో రోజుకు మూడువేల లీటర్లు పోతోందనీ, ఇక్కడ పదకొండువందలు దాటడం లేదనీ, ఇలాగైతే బంకు మూసి దీనిలో కొబ్బరికాయలు అమ్ముకోవడమే గౌరవమనీ చెప్పాడు. విశాఖపట్నంలో ఒక మెకానిక్కు ఉన్నాడట. సీలు చెక్కుచెదరకుండా యంత్రంలో చిన్న చిప్పు పెడతాడట. లీటరుకు ముప్ఫై మిల్లీలీటర్లు మిగులుతాయట. ధనరాజ్‌కు పెట్టింది అతడేనట.

"నాకూ ఇష్టం లేదు మేస్టారూ. కాని ఎక్కువ అమ్మలేనప్పుడు తక్కువ పొయ్యాల. ఇంకో దారి ఉంటే సెప్పండి," అన్నాడు మోహనకృష్ణ.

కూర్మనాథం మూడు నెలల గడువు అడిగాడు. సరైన కొలత ఇచ్చే బంకు ఇదేనని జనానికి తెలిస్తే చాలు, వారే వస్తారన్నాడు. కార్తీకం వెళ్లేలోగా అమ్మకం రోజుకు రెండువేల లీటర్లు చేరకపోతే తన కుర్చీ తనే ఖాళీ చేస్తాననీ, అప్పుడు ఆ మెకానిక్కును పిలుచుకోవచ్చుననీ మాట ఇచ్చాడు. మోహనకృష్ణ ఒప్పుకున్నాడు. సత్యానికి మూడు నెలలు చాలవన్న సంగతి ఆ ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

మొదట కూర్మనాథం ఒక బోర్డు రాయించాడు. 'ఈ బంకులో కొలత కచ్చితముగా నుండును. అనుమానమున్నవారు కొలపాత్రతో సరిచూసుకొనవచ్చును.' అంతవరకు అనుమానం లేనివారికి కూడా ఆ బోర్డు చూశాక అనుమానం మొదలైంది. ఏ తప్పూ లేనివాడు ఇంత పెద్ద అక్షరాలతో ఎందుకు రాయించుకుంటాడని ఆటోస్టాండులో చర్చ జరిగిందట.

తరవాత అతడు అంకెల మూఢనమ్మకం మీద యుద్ధం ప్రకటించాడు. వందకు, రెండువందలకు కొట్టించుకుంటే యంత్రం మోసం చేస్తుందని ఎవరో పుట్టించిన మాట వల్ల అందరూ నూటపదికీ రెండువందల పదికీ కొట్టమనేవారు. అందరూ అలా అడుగుతున్నారు కనక యంత్రాలను ఇప్పుడు ఆ అంకెలకే మలిచి ఉంటారని మరికొందరు నూటపదమూడుకు మారారు. ఏ అంకె మీదా యంత్రానికి ప్రత్యేకమైన పగ ఉండదని కూర్మనాథం ఒక్కొక్కరికీ ఓపికగా వివరించేవాడు. వారు ఓపికగా విని, నూటపదమూడుకే కొట్టించుకుని వెళ్లేవారు. నాజిల్ పట్టుకునే యమునకు మాత్రం చిల్లర వెతకలేక చేతులు పడిపోయేవి.

రెండు నెలలు ఇలా గడిచాక అతడు ఆఖరి అస్త్రం తీశాడు. ఒక ఆదివారం ఉదయం బంకు ముందు షామియానా వేయించి, వచ్చినవారందరికీ మజ్జిగ ఇస్తామని చెప్పి, బహిరంగ పరీక్ష ఏర్పాటు చేశాడు. మజ్జిగ కోసం నలభైమంది దాకా వచ్చారు. ముందు వరసలో ఆటో సోములు, వాడి పక్కన చిన్నతల్లి నిలబడ్డారు. సోములు ఏ మాట అంటే సాయంత్రానికి ఆటోస్టాండు మొత్తం ఆ మాట అంటుంది. చిన్నతల్లి రెండెకరాల వరికి నీళ్లు తోడే ఇంజనుకు డీజిలు కొనడానికి వారానికోసారి వస్తుంది. ఆమె మాటకు చుట్టుపక్కల రైతుల్లో విలువ ఉంది.

కూర్మనాథం తన పంపు నుంచి కొలపాత్రలోకి అయిదు లీటర్ల డీజిలు పట్టించాడు. మోకాళ్లూని, గీతను చూపించి, ఒక్కొక్కరినీ వంగి చూడమన్నాడు. ద్రవం గీతను తాకి ఆగింది. పైకి లేదు, కిందికి లేదు. తరవాత, ఆ ఉదయమే యమున చేత ధనరాజ్ బంకు నుంచి ఇనుప డబ్బాలో తెప్పించిన అయిదు లీటర్లను రసీదుతో సహా అందరికీ చూపించి, అదే పాత్రలో పోయించాడు. అది గీతకు చాలా దిగువన, పాత్ర మెడలోకి కూడా రాకుండా ఆగిపోయింది. లోటు సుమారు నూటయాభై మిల్లీలీటర్లు. కూర్మనాథం లేచి నిలబడ్డాడు. ఇరవైరెండేళ్ల ప్రయోగశాల జీవితంలో ఏ ప్రయోగమూ ఇంత శుభ్రంగా రుజువు కాలేదు. అతని ఊహలో చప్పట్లు మోగాయి. బయట మాత్రం సోములు తల గోక్కున్నాడు.

"ధనరాజ్ దాన్లో ఇదిలింపు కలిపినారేటి మేస్టారూ?"

మూడుసార్లు విదిలించారనీ, ఆ విదిలించినది కూడా ఈ డబ్బాలోనే ఉందనీ యమున సాక్ష్యం చెప్పింది.

"డబ్బాలోకి ఇదిలిస్తే ఏటొస్తాది?" అన్నాడు సోములు. "బండిలోకి ఇదిలిస్తే వేరు."

ఈ సిద్ధాంతాన్ని ఖండించే సూత్రం భౌతికశాస్త్రంలో ఎక్కడుందో కూర్మనాథం వెతుక్కుంటున్నంతలో, చిన్నతల్లి అతని పాత్రలో ఉన్న డీజిలును కాకుండా అతన్నే తేరిపార చూసింది.

"మీది గీత కాడే ఆగిపోనాది గదా బావూ."

"అదే కదమ్మా సరైన కొలత."

"మా ఇంట్లో ఒడ్లు కొలిస్తే కుంచం మీద రాశి నిలబడాల. కర్రతో తల గొట్టి కొలిసేది పగోడికి. అయిదు లీటర్లు పోసి, ఒక్క సుక్క గీత దాటకుండా ఆపినారంటే ఎంత కాపలా కాసినారో మరి."

షామియానా కింద సానుభూతితో కూడిన గొణుగుడు బయలుదేరింది. ఆ సానుభూతి ధనరాజ్ మీద. పాపం అతడికి కొలవడం సరిగ్గా రాదు, కాని చెయ్యి పెద్దదని ఎవరో అన్నారు. ఇక్కడ చెయ్యి చూస్తే పిడికిలి అని మరెవరో పూరించారు.

అక్కడితో ఆగినా సరిపోయేది. వెనకనుంచి ఒకతను, ఎప్పుడూ ఇలా గీత మీదే ఉంటుందా, తేడా రానే రాదా అని అడిగాడు. ఉండితీరుతుంది అని ఒక్కమాట అనేస్తే పోయేది. కాని ఒక్క అక్షరం జారినా కూర్మనాథం ఊరుకోలేడు; అతడు యంత్రమన్నాక అరుగుదల ఉంటుందనీ, అందుకే అయిదు లీటర్లకు ఇరవైఅయిదు మిల్లీలీటర్ల వరకు అటో ఇటో తేడా ఉన్నా చట్టం అనుమతిస్తుందనీ పూర్తిగా వివరించాడు. అంతవరకు అర్థం కానిదేదో జనానికి అప్పుడు అర్థమైంది.

"అయితే గవర్నమెంటే తియ్యమన్నాదన్నమాట," అన్నాడు సోములు. "తియ్యమని కాయితం ఉండి కూడా మీరు తియ్యట్లేదంటే మేం నమ్మాలేటి? అలాటి కాయితం ఉంటే మా బావమరిదే తీస్తాడు."

మజ్జిగ అయిపోయింది. వచ్చినవారిలో ఆరుగురు తిరుగుదారిలో ధనరాజ్ బంకు దగ్గర ఆగి పెట్రోలు కొట్టించుకోవడం ఇంటికి వెళుతూ యమున కళ్లారా చూసింది. సాయంత్రానికి ఆ వార్త కళింగపట్నం చేరేసరికి, మోహనకృష్ణ బంకు మేస్టారు అయిదు లీటర్లకు ఇరవైఅయిదు తగ్గిస్తున్నానని నలుగురిలో తనే ఒప్పుకున్నాడనీ, అయినా పాపం నిజం చెప్పేశాడనీ అనే రూపానికి వచ్చింది. ఆ వారం అమ్మకం పదకొండువందల నుంచి ఎనిమిదివందల యాభైకి దిగింది.

మోహనకృష్ణ వచ్చి కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని కూర్మనాథానికి అనిపించింది. గడువుకు పన్నెండు రోజులే ఉందనీ, మెకానిక్కుకు ఫోను చేసి ఉంచాననీ చెప్పి, లేవబోతూ, "మీరు సత్యమే సెప్పినారు మేస్టారూ. నాను వద్దన్నానా? అమ్మండి మరి దాన్ని," అన్నాడు.

కుర్చీ పోతుందన్నది కూర్మనాథానికి పెద్ద బాధ కాదు; కుర్చీలు పోవడం అతనికి అలవాటే. తను వెళ్లిన మర్నాడు ఈ రిజిస్టరు ముందు మరొకడు కూర్చుని, మోకాళ్లు వంచకుండానే, 'తేడా: సున్నా' అని రాస్తాడు. ఆ సున్నా కింద లీటరుకు ముప్ఫై మిల్లీలీటర్ల చొప్పున దొంగతనం హాయిగా పడుకుంటుంది. చుట్టుపక్కల ఊళ్లన్నిటిలోనూ సరిగ్గా కొలిచే పంపులు ఇవే, ఇవి కూడా పోతే ఇక మిగిలేదేమీ లేదు. అతని దిగులు దాని గురించి.

మర్నాడు ఉదయం కొలపాత్ర ముందు మోకాళ్లూని అతడు గీతను మామూలుకంటే ఎక్కువసేపు చూస్తూ ఉండిపోయాడు. నాజిల్ తగిలిస్తూ యమున, తమ వీధిలో పాలు పోసే సుభద్రమ్మ సంగతి ఎత్తుకుంది. సుభద్రమ్మ కొలగ్లాసుకు అడుగున సొట్ట ఉంది. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. గ్లాసు పోశాక ఆవిడ చెంబు వంచి ఇంకాస్త ఒంపుతుంది. ఆ ఒంపినదాని కోసమే అందరూ ఆవిడ దగ్గర పోయించుకుంటారు. ఒకసారి యమున ఇంటికి తీసుకెళ్లి మంచి గ్లాసుతో కొలిచి చూస్తే, రెండూ కలిపి సరిగ్గా గ్లాసుడే ఉన్నాయి.

"అలాంటప్పుడు మంచి గ్లాసుతో ముందే నిండా పోయవచ్చు కదా?" అన్నాడు కూర్మనాథం.

యమున అతని వైపు జాలిగా చూసింది. "ముందే నిండా పోసీస్తే ఒంపడానికేటి ఉంటాది మేస్టారూ?"

కూర్మనాథం కొలపాత్ర పక్కన పెట్టి లేచాడు. తరవాత రిజిస్టరు వెనక పేజీలో ఏవో లెక్కలు వేసుకున్నాడు. ఆ సాయంత్రం శ్రీకాకుళం వెళ్లి పనిముట్ల దుకాణంలో మెకానిక్కులు వాడే నూనెడబ్బాలు రెండు కొన్నాడు. పొడుగాటి ముక్కు, మూత, బొటనవేలితో నొక్కితే టక్కుమని కాస్త నూనె కక్కే మీట ఉన్నవి. ఒకటి పెట్రోలుకు, ఒకటి డీజిలుకు. మీట కింద మర ఒకటి బిగించి, నొక్కుకు సరిగ్గా నాలుగు మిల్లీలీటర్లు వచ్చేటట్టు సరిచేశాడు. యాభైసార్లు నొక్కి, వచ్చినదాన్ని గాజు గొట్టంలో కొలిచాడు. రెండువందలు. నమ్మకం చాలక మరో రెండుసార్లు అదే పని చేశాడు.

నాలుగు రోజుల తరవాత, ఏటేటా జరిగే పద్ధతిలో, పంపులు సరిచూసి ముద్ర వేయడానికి తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు, యంత్రాల టెక్నీషియను వచ్చారు. అయిదు లీటర్లకు ఇరవై మిల్లీలీటర్లు తక్కువ వచ్చేలా పంపులు సరిచేయమని కూర్మనాథం టెక్నీషియనుకు కాగితం రాసి ఇచ్చాడు. అలాంటి కోరికలు ఆ టెక్నీషియను పంపు చాటున చెవిలో వినడమే గాని, సంతకంతో, నకలుతో సహా అందుకోవడం ఎరగడు. ఇన్‌స్పెక్టరు కొలిచి చూసి, పరిధిలోనే ఉందిగాని నిన్నటిదాకా సున్నా ఉండేది కదా అని అడిగాడు. కూర్మనాథం నూనెడబ్బాలు తెచ్చి చూపించి అంతా చెప్పాడు. ఇన్‌స్పెక్టరు రెండు డబ్బాలనూ అటూ ఇటూ తిప్పి చూసి, యంత్రం ఇచ్చేది చూడటమే తన ఉద్యోగమనీ, మనిషి ఇచ్చేది చూడటానికి ఇంకా ఏ శాఖా పెట్టలేదనీ అని, ముద్ర వేయించాడు.

ఆ రోజు రిజిస్టరులో 'తేడా: తక్కువ ఇరవై' అని కూర్మనాథం రాశాడు. శ్లోకంలో అక్షరం జారినట్టే ఉంది. మొదటికి తీసుకువెళ్లి నిలబెట్టేవారే లేరు.

కొత్త పద్ధతి మర్నాటి నుంచి మొదలైంది. రూపాయల్లో అడిగినవారికి ఏమీ లేదు. లీటర్లలో అడిగినవారికి మాత్రం, మీటరు ఆగాక లీటరుకొక నొక్కు. యంత్రం ఇచ్చేది తొమ్మిదివందల తొంభైఆరు, డబ్బా ఇచ్చేది నాలుగు. వెరసి లీటరు. బోర్డు మీద పాత అక్షరాలు చెరిపించి, 'లీటరుకు ఒక నొక్కు కొసరు' అని రాయించారు. మొట్టమొదట వచ్చినవాడు సోములే. తిరుగుదారిలో డీజిలు అయిపోవచ్చి, గత్యంతరం లేక ఆగాడు. మూడు లీటర్లు పోశాక యమున డబ్బా ముక్కును ట్యాంకులోకి దూర్చి టక్, టక్, టక్ అనిపించింది.

"ఇదేటి?" అన్నాడు సోములు.

"కొసరు."

సోములు ముఖంలో వెలుగు మెల్లగా, నమ్మకం చాలనట్టుగా వచ్చింది. కొసరు వేరే గిన్నెలో, వేరే చప్పుడుతో, లెక్కపెట్టుకునేందుకు వీలుగా రావడం అతడు ఎక్కడా చూడలేదు. వెళుతూ వెళుతూ, మేస్టారికి ఇన్నాళ్లకి బుద్ధొచ్చినాదని యమునతో అని వెళ్లాడు. సాయంత్రానికి ఆటోస్టాండు మొత్తం ఆ మాటే అంది. మూడోనాడు చిన్నతల్లి ఇరవై లీటర్లు పట్టించుకుని, గుడి చుట్టూ ప్రదక్షిణలు లెక్కపెట్టినట్టు ఇరవై నొక్కులూ పైకి లెక్కపెట్టుకుని, చెయ్యెత్తి దీవించింది. నూటపదమూడు రూపాయలవారు సైతం ఒక్కరూ మిగలకుండా లీటర్లలోకి దిగివచ్చారు. రెండు నెలల ఉపన్యాసాలతో చావని మూఢనమ్మకం ఒక టక్కుతో చచ్చింది. ధనరాజ్ బంకులో విదిలింపులు మూడు నుంచి అయిదుకు, అయిదు నుంచి ఏడుకు పెరిగాయి గాని, ఏడు విదిలింపులైనా చప్పుడు లేనిది చప్పుడు లేనిదే. గడువు ఆఖరిరోజున మోహనకృష్ణ బంకులో అమ్మకం రెండువేల నూరు లీటర్లు.

ఆ ఉదయం కూర్మనాథం పంపు నుంచి అయిదు లీటర్లు పట్టి, దానిమీద అయిదుసార్లు నొక్కి, వంగి చూశాడు. గీత మీదే ఉంది. ఇదిగో చూడండి అని చెప్పడానికి చుట్టూ చాలామంది ఉన్నారు. ఎవరికీ తీరిక లేదు. అందరూ కొసరు కోసం వరసలో ఉన్నారు.

మోహనకృష్ణ కోవాల పొట్లంతో వచ్చాడు. మెకానిక్కును రావద్దన్నానని చెప్పాడు. వరస చూసి మురిసిపోయాడు. కాసేపు యమున పక్కన నిలబడి ఆమె బొటనవేలినే గమనించి, తిరిగివచ్చి, గొంతు తగ్గించాడు.

"మేస్టారూ, ఆళ్లు సూసేది నొక్కుడు గానీ సుక్క కాదు. మీటని సగం నొక్కినా టక్కుమంటాది, ఏటీ రాదు. నాను ఇప్పుడే సూసినాను. సగమే నొక్కమందాం. అయినా సట్టంలోనే ఉంటాం గదా?"

చట్టంలోనే ఉంటారు. అదే కూర్మనాథాన్ని భయపెట్టింది. దొంగ చిప్పు అక్కర్లేకుండా, సీలు కదలకుండా, ప్రభుత్వ ముద్ర సాక్షిగా రోజుకు ఎనిమిది లీటర్లు మిగిలే దారి కనిపెట్టింది తనే. దానికి కాగితం రాసింది తనే, నకలు తీసి ఫైలులో పెట్టింది తనే.

"అలా అయితే ఆ డబ్బాలు నా చేతిలో ఉంటాయి బాబూ," అన్నాడు.

మోహనకృష్ణ నవ్వి, మీ ఇష్టం అన్నాడు. పెద్ద లాభం వచ్చిన రోజున చిన్న లాభం గురించి పట్టుబట్టే మనిషి కాడు.

అప్పటినుంచి ఉదయం నుంచి సాయంత్రం దాకా పంపుల మధ్య నూనెడబ్బాలతో కూర్మనాథమే నిలబడ్డాడు. యమున నాజిల్ తీసేయగానే అతడు ముందుకు వంగి, ముక్కు దూర్చి, లీటరుకొకటి చొప్పున మీటను అడుగంటా నొక్కేవాడు. బొటనవేలికి కాయ కాసింది. ఒక్క నొక్కు తగ్గించలేదు, ఒక్కటి పెంచలేదు. ఆ బంకుకు వచ్చిన ఏ బండి ట్యాంకులోకైనా, ఎంత అడిగారో సరిగ్గా అంతే వెళుతోందన్న సంతృప్తి అతనికి మిగిలింది. ఆ సంతృప్తిని పంచుకోవడానికి మనిషి దొరకలేదు గానీ, అది అతనికి పెద్ద లోటనిపించలేదు.

వారం గడిచింది. సోములు వచ్చి అయిదు లీటర్లు పోయించాడు. కూర్మనాథం అయిదుసార్లు నొక్కాడు. సోములు ఆటో ఎక్కలేదు. ట్యాంకు మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"అయిపోయింది సోములూ," అన్నాడు కూర్మనాథం.

"అయిదూ అయిపోనాయి మేస్టారూ. అయి లెక్కలోవి. లీటరుకి ఒకటని బోర్డు మీద రాసీసినారు గదా. రాసినాక అదీ కొలతే. మరి కొసరేది?"

అతని గొంతులో దబాయింపు లేదు. హక్కున్న మనిషి అడిగినట్టు, నెమ్మదిగానే అడిగాడు. వెనక పదకొండు బండ్లున్నాయి. పదకొండుమందీ ఈ ప్రశ్నకు జవాబు తమ జవాబే అన్నట్టు మెడలు చాచి చూస్తున్నారు. కూర్మనాథం మనసులో లెక్క దానంతట అదే సాగింది. ఇంకొక నొక్కు నొక్కితే సోములు ట్యాంకులో అయిదు లీటర్ల మీద నాలుగు మిల్లీలీటర్లు. అది తప్పు కొలత. వెనకనున్న పదకొండూ తప్పు కొలతలే. నొక్కకపోతే సాయంత్రానికి ఆటోస్టాండు ధనరాజ్ దగ్గరుంటుంది, నెలలోపు మెకానిక్కు ఇక్కడుంటాడు.

కూర్మనాథం డబ్బా ముక్కును మళ్లీ ట్యాంకులోకి దూర్చాడు. బొటనవేలు మీట మీద సగం దూరం మాత్రమే కదిలింది. టక్కుమంది. చుక్క పడలేదు.

"ఆఁ. ఇప్పుడు సరిపోనాది," అన్నాడు సోములు తృప్తిగా, మూత బిగిస్తూ.

సరిపోయింది. ట్యాంకులో సరిగ్గా అయిదు లీటర్లున్నాయి. యాభైనాలుగేళ్ల జీవితంలో ఒక మనిషిని కళ్లలోకి చూస్తూ మోసం చేయడం కూర్మనాథానికి ఇదే మొదటిసారి. చేయకపోయి ఉంటే కొలత తప్పిపోయేది. ఆటో పొగ వదిలి కళింగపట్నం వైపు కదిలింది. దాని వెనకనున్న మోటారుసైకిలు ముందుకు జరిగి, దానిమీది మనిషి ట్యాంకు మూత తీశాడు.

"రెండు లీటర్లు మేస్టారూ. ఆయనకి ఏసినట్టే నాకూ ఏసీయండి."